ఏనుగు గుర్తు బండి

గోర్డన్ గోల్ఫ్ బండి వెనకాల అరచెయ్యంత ఏనుగు బొమ్మ ఉంది. రిపబ్లికన్ల ఏనుగు. అది చూడగానే వెల్డా గుండెల్లో రాయి పడింది.

వెల్డాకి అరవై ఎనిమిదేళ్లు. ఓటు వచ్చిన నాటి నుంచి డెమొక్రాట్లకి తప్ప ఇంకొకరికి వేసిన పాపాన పోలేదు. భర్త పోయిన ఐదేళ్లలో ఆమెను డాన్సుకి పిలిచిన మొదటి మగమనిషి గోర్డన్. ఆమె రెండుసార్లు ఆయన కాలు తొక్కింది. రెండుసార్లూ ఆయనే సారీ చెప్పాడు. అలాంటి మనిషిని ఒక ఏనుగు కోసం వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

అరిజోనా రాష్ట్రం మేసాలోని ఆ రిటైరైన వాళ్ల కాలనీలో పార్టీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. బుధవారం పాన్‌కేకుల టిఫినుకి రిపబ్లికన్లు కిటికీ వైపు, డెమొక్రాట్లు కాఫీ డ్రమ్ము వైపు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పరు. కిందటేడు ఎవరో కొత్తావిడ తెలియక తనది కాని వైపు కూర్చుంటే సిరప్ సీసా అందించిన నాథుడు లేడు. గోర్డన్ కూర్చునేది కిటికీ దగ్గరే.

"ఆయన ఎటైతే నీకేంటే? డాన్సేగా" అంది పక్కింటి రమోనా.

"డాన్సు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మాట్లాడాలి కదా."

"మాట్లాడకు."

"నేనా?"

అది అయ్యే పని కాదని రమోనా కూడా ఒప్పుకుంది. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసిన మనిషి. ల్యాప్‌టాప్ ముందేసుకుని, రిపబ్లికన్ల ఆలోచనలు తెలుసుకోవడానికి ఏమేం చదవాలో గంటలో జాబితా తయారుచేసింది. ఒక కాలేజీ వాళ్ల ఉచిత వీడియో పాఠాలు, చివర పరీక్షతో సహా. విధానాల మీద పరిశోధన చేసే సంస్థల వ్యాసాలు. డెబ్బై ఏళ్ల నాటి పత్రికల సంచికలు. నడుస్తూ వినడానికి పాడ్‌కాస్టులు.

"అరిచేవాళ్ల జోలికి పోకు తల్లీ. ఆలోచించేవాళ్లని చదువు. లేకపోతే నీకు బీపీ, నాకు తలనొప్పి."

మొదటి వారమంతా వెల్డా తెరతో పోట్లాడింది. "పన్నులు తగ్గిస్తే రోడ్లెవరేస్తారు, మీ తాతా?" అని ప్రొఫెసర్ని నిలదీసేది. ఆయన పాపం తన పాఠం తను చెప్పుకుపోయేవాడు. రెండో వారం నోట్సు రాయడం మొదలుపెట్టింది. మూడో వారం, పాత పద్ధతిని పీకేసే ముందు దాన్ని ఎందుకు పెట్టారో కనుక్కోవాలి అన్న పాఠం దగ్గర "నిజమే కదా" అనుకుని, అలా అనుకున్నందుకు హడలిపోయింది. ప్రాయశ్చిత్తంగా ఆ మధ్యాహ్నమే డెమొక్రాట్లకి విరాళం పంపింది.

పరీక్షలో నూటికి తొంభై రెండు వచ్చాయి. సర్టిఫికెట్టు ప్రింటు తీసి పిండి డబ్బాలో దాచింది.

జనవరి మొదటి బుధవారం ప్లేటు పట్టుకుని కిటికీ వైపు నడిచింది. కాఫీ డ్రమ్ము వైపు వాళ్లందరూ మెడలు తిప్పి చూశారు. రమోనా పైకప్పు వంక చూస్తూ కూర్చుంది.

వెల్డా ఇక ఆగలేదు. చిన్న ప్రభుత్వం ఎందుకు మంచిది, రాష్ట్రాల హక్కులేమిటి, సొంత ఆస్తికీ స్వేచ్ఛకీ ఉన్న చుట్టరికమేమిటి, అన్నీ చెప్పింది. గోర్డన్ తన ప్లేట్లో వేయించిన బంగాళాదుంపల మీద వెనిగర్ చల్లుకుంటూ విన్నాడు. "అవునా?" అన్నాడు. "అలా ఎందుకంటారు?" అన్నాడు. కాదనలేదు, ఔననలేదు. నన్ను పరీక్షిస్తున్నాడు అనుకుని వెల్డా ఇంటికెళ్లి ఇంకో నాలుగు పాఠాలు విన్నది.

అలా వారాలు గడిచాయి. సాయంత్రాలు నారింజ తోటల పక్కన ఆ ఏనుగు బండిలోనే తిరిగేవాళ్లు. మధ్యలో ఫోనొస్తే ఆయన బండి ఆపి, దూరంగా వెళ్లి, తగ్గు గొంతుతో చాలాసేపు మాట్లాడేవాడు. "పిల్లలు" అనేవాడు వచ్చాక. ఏప్రిల్ దాటి ఉండటానికి వీల్లేదు అనేవాడు. మంచు ప్రాంతం మనిషి, మిన్నెసోటా అయ్యుంటుంది అనుకుంది. ఎండలు ముదిరితే సగం కాలనీ ఖాళీ అయ్యేదే.

మార్చిలో పీకల మీదికొచ్చింది. కాలనీ రిపబ్లికన్ క్లబ్బుకి కొత్త ప్రెసిడెంటు కావాలి. కిటికీ వైపు వాళ్లందరూ ఒకే పేరు చెప్పారు.

"మీకున్నంత చదువు మాలో ఎవరికుందమ్మా?" అన్నాడు పాత ప్రెసిడెంటు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది గోర్డనే.

వెల్డా ఒక్క రోజు గడువడిగింది. ఒప్పుకుంటే అబద్ధానికి కుర్చీ వేసినట్టు. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఈ మనిషి మిగలడు.

మర్నాడు పొద్దున్నే ఆయన వరండాలోకి వెళ్లి, నిలబడే, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"నేను డెమొక్రాట్‌ని. ఎప్పటికీ అంతే. మీకు చెప్పిందంతా ల్యాప్‌టాప్‌లో చూసి బట్టీ పట్టింది. మీ బండి మీద ఏనుగుని చూసి భయపడి నేర్చుకున్నాను. మీరు పొమ్మంటే పోతాను."

గోర్డన్ బండి వైపు చూశాడు.

"అదా? నాకు బండి అమ్మినాయన అంటించింది. గీకితే రంగు ఊడుతుందని వదిలేశాను."

"మరి కిటికీ దగ్గర కూర్చుంటారుగా?"

"వెచ్చగా ఎండ తగులుతుందని."

వెల్డా కుర్చీలో కూలబడింది. పిండి డబ్బాలో సర్టిఫికెట్టు గుర్తొచ్చి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"అయితే మీరూ మా పార్టీయేనా?"

"కాదు."

"మరి నేను చెప్పిందంతా ఎందుకు విన్నారు?"

ఆయన ఇంకో కప్పులో టీ పోసి ఆమె ముందుకు జరిపాడు.

"నేను కెనడా వాణ్ణి వెల్డా, నాకిక్కడ ఓటే లేదు, కానీ రిపబ్లికన్ ఆవిణ్ణి పెళ్లి చేసుకుంటానని వినిపెగ్‌లో మా పిల్లల్ని ఒప్పించేసరికి ఈ మూడు నెలలూ పట్టింది."