పసుపు దీపం

ఇరవై ఏళ్లయినా ఒంట్లో చడీచప్పుడూ లేకుండా పడుకోగల వైరస్‌ని చూపించి, ఈమధ్య ఎవరితో తిరిగావని మొగుడు అడగడమేమిటి అనుకుంటూ లహరి రోట్లో అల్లం దంచుతోంది. ఫ్రిజ్ పక్క గోడమీద ఇంటి ఆడవాళ్ల పేర్లు, పేరుకో దీపం. నెలసరి రక్తాన్ని బాత్రూంలోనే పరీక్షించి యంత్రం వెలిగించే దీపాలవి. అత్తగారికి నెలసరి ఆగి పదేళ్లయింది కాబట్టి ఆవిడది ఎప్పటికీ ఆకుపచ్చే. లహరిది పసుపుకి తిరిగింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ఇంకా రాలేదు గానీ, కణాల్ని అదుపులో పెట్టే జన్యువు నోరు వైరస్ నొక్కేసింది. వారంలోపు మందు వాడితే ఆ నోరు మళ్లీ తెరుచుకుంటుంది.

మందు గుమ్మం దగ్గరి పెట్టెలోనే ఉంది. అది తెరుచుకోవాలంటే ఇంటి యజమాని వేలిముద్ర పడాలి. ఇవాళ ఆరో రోజు.

"వాడి పేరు చెప్పు, వేలిముద్ర వేస్తాను," అన్నాడు భర్త తేజ, ఇడ్లీ తుంచుతూ.

"నీ పేరే చెబుతున్నా. నువ్వూ పరీక్ష చేయించుకో."

"మగాళ్లకి దీపం ఎక్కడుందే?" అత్తగారు నవ్వింది. "మా ఇంటా వంటా లేని రంగు తెచ్చావు తల్లీ!"

లహరి గోడమీద తేజ పేరు కోసం నిజంగానే వెతికింది. లేదు. లేని పేరుకి మచ్చెలా అంటుతుంది? తన ఒంటికి మందు వేసుకోవడానికి ఆరు రోజులుగా ఈ మనిషి వేలు అడుక్కుంటోంది తను.

అల్లం అంటిన పచ్చడిబండ అలాగే పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచి, పెట్టె తాళం మీద ఒక్కటి వేసింది.