ఈశ్వరప్ప అడిగిన కాగితం

"కాగితం లేనిదే గేటు తీసేది లేదు సార్."

ముళ్ళకంచెకు అవతల నిలబడి ఈశ్వరప్ప అప్పటికి ఏడోసారి అదే మాట అన్నాడు. అని, ఏడోసారి సెల్యూట్ కూడా కొట్టాడు. ఇవతల నిలబడ్డ తాసిల్దారు రాజగోపాల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఎదురు తిరిగేవాణ్ణయితే తిట్టొచ్చు. సెల్యూట్ కొట్టేవాణ్ణి ఏమని తిడతాం?

అది 1975. కురబలకోట పక్కన, పెద్ద యుద్ధం కాలంలో మిలిటరీవాళ్ళు క్యాంపు పెట్టి, యుద్ధం ముగియగానే వదిలేసిపోయిన నలభై ఎకరాలవి. ఆ నేలను అమరజవాన్ల జాతీయ స్మారకంగా మార్చాలనీ, దాని ఆలనాపాలనా ప్రజల కమిటీయే చూసుకోవాలనీ ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. పదకొండింటికి మంత్రిగారు వచ్చి శంకుస్థాపన చేయాలి. కుప్పం నుంచి తెచ్చిన శిలాఫలకం లారీలో ఉంది. లారీ గేటు ముందు ఉంది. గేటు తాళంచెవి ఈశ్వరప్ప మొలతాడుకు ఉంది.

"ఇదిగో చూడవయ్యా, ఉత్తర్వు! మిలిటరీవాళ్ళే ఈ నేల మాకు రాసిచ్చారు."

ఈశ్వరప్ప మెడ సాచి చూశాడు. "ఇది నేలకు కాగితం సార్. నా కాగితం యాడ?"

"తాళం పగలగొట్టిస్తా!" అన్నాడు రాజగోపాల్.

"అంత పని సేయొద్దు సార్," అని కమిటీ అధ్యక్షుడు చెంగయ్య అడ్డం వచ్చాడు. "మంత్రిగారు మొదటి దండ ఏసేది ఈ ముసలాయనకే. జీతం లేకుండా ముప్పై ఏండ్లు దేశం సొత్తు కాపాడిన వీరుడని కరపత్రాల్లో అచ్చేసినాం. ఆ వీరుణ్ణి పోలీసోళ్ళు ఈడ్సకపోతాంటే పేపరోళ్ళు ఫోటో తీస్తారు. కమిటీ పుట్టిన దినమే పరువు పోతాది."

ఆ మాట నిజమే. పుంగనూరులో మంత్రిగారు టిఫినుకు ఆగారని అప్పుడే కబురొచ్చింది. పోయినేడు ఇట్లాంటి కార్యక్రమమే చెడగొట్టిన తాసిల్దారు ఒకాయన ఇప్పుడు ఏ మూలన ఉన్నాడో ఆయన పెళ్ళానికి కూడా సరిగా తెలియదు. రాజగోపాల్ గొంతులో కాస్త తేనె కలుపుకున్నాడు.

"ఈశ్వరప్పా, నీకు పెద్ద గులాబీల దండ వేస్తారయ్యా."

"నాకు దండేంది సార్!" ముసలాయన చెవులు మూసుకున్నాడు. "మా ఆఫీసర్లు ఇంటే నవ్విపోతారు."

"పోనీ, స్మారకానికి నిన్నే కావలి పెట్టిస్తాను. నెలనెలా జీతం. ఇక్కడే ఉండడానికి గది."

"మళ్ళా ఈడేనా?" ఈశ్వరప్ప మొహం పాలిపోయింది. "వద్దు సార్, మీకు దండం పెడతా."

ఇంత ఆశలేని మనిషిని రాజగోపాల్ తన సర్వీసులో చూడలేదు. ఉద్యోగానికి గండం తెచ్చేది ఇట్లాంటి మంచివాళ్ళేనని మాత్రం అప్పుడే తెలిసింది.

అంతలో ఈశ్వరప్ప భార్య గంగులమ్మ సంగటి గిన్నెతో వచ్చింది. మంత్రి వచ్చినా మారాజు వచ్చినా తనకేమన్నట్టు జనాన్ని తోసుకుంటూ పోయి, కంచె సందులోంచి గిన్నె లోపలికి అందించింది.

"అమ్మా, నువ్వైనా చెప్పమ్మా ఆయనకు!"

"సెప్పీ సెప్పీ నా నోరు పడిపోయింది సార్. ఇంటికి రాప్పా, ఒక్కదాన్నే ఉండాను అంటే, కాగితం రానీ, తలెత్తుకోని వస్తా అంటాడు. ఆ మనిషి మా గడప తొక్కి ముప్పై ఏండ్లాయ."

"అసలు జీతం లేకుండా ఎందుకున్నాడమ్మా?"

గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కట్టుకున్నోడి సంగతి నలుగురిలో నేనెట్ల సెప్పేది సార్? ఆయన్నే అడగండి."

భార్య కూడా గొప్పలు చెప్పుకునే మనిషి కాదనుకుని చెంగయ్య మురిసిపోయాడు. మురిసిపోయే తీరిక రాజగోపాల్‌కు లేదు. వైర్‌లెస్ జీపులోంచి కానిస్టేబుల్ కేకేశాడు.

"సార్, మంత్రిగారి కారు మదనపల్లె దాటేసింది!"

కాగితం లేదని పాతికేళ్ళ సర్వీసులో రాజగోపాల్ ఎంతమందిని తిప్పి పంపాడో లెక్కలేదు. ఈ రోజు తన వంతు వచ్చింది. ముల్లును ముల్లుతోనే తీయాలనుకున్నాడు. తనకు ఆ అధికారం లేదని తెలిసి కూడా జీపు బానెట్ మీద కాగితం పరిచి గబగబా రాశాడు. సంతకం చేసి, ఒకటికి రెండు ముద్రలు గుద్ది, చెంగయ్య చేత గట్టిగా చదివించాడు.

"శ్రీ ఈశ్వరప్ప గారు ఈ క్యాంపు కావలి పనిని ముప్పై ఏళ్ళు నిజాయితీగా చేసినందున, వారిని నేటితో ఆ పని నుంచి గౌరవంగా తప్పించడమైనది."

జనం చప్పట్లు కొట్టారు. మేళంవాళ్ళు మంత్రిగారు వచ్చేశారనుకుని వాయించేశారు. గంగులమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఈశ్వరప్ప ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, మడతపెట్టి, మర్యాదగా వెనక్కిచ్చేశాడు.

"ఇది నాది కాదు సార్. కావలోడిది."

"నువ్వు కాదటయ్యా కావలోడివి?"

"ఆయప్ప క్యాంపు ఎత్తేసిన పొద్దే దొరల ఎంబడి రైలెక్కి పోయినాడు. ఆఫీసరు కాగితం తెస్తాడు, అందాక గేటు తీయొద్దని, బీగం సెవి నా సేతిలో పెట్టి పోయినాడు."

మలుపు దగ్గర కారు హారన్ మోగింది.

"మరి నువ్వెవరివయ్యా?"

ఈశ్వరప్ప తల దించుకున్నాడు. "విడుదల సేసేది మర్సిపోయి అందరూ పోయినారు సార్. ఈ క్యాంపులోనే పద్నాలుగు దినాలు శిక్ష పడిన ఖైదీని నేను."