చప్పుడు లేని వేట

“సప్పుడు అస్సలు రాదా సారూ?” రామూర్తి మళ్లీ అడిగాడు.

“వస్తుంది. కర్ర విరిగినట్టు ఉంటుంది, అంతే. ఊళ్లో ఎవరికీ మెలకువ రాదు,” అన్నాడు విశాఖపట్నం నుంచి వచ్చిన వేటగాడు, తుపాకి గొట్టానికి సైలెన్సర్ బిగిస్తూ.

“ఆ ఫోను జేబులో ఎట్టీ బావా. ఎలుతురు కనిపిత్తే పందులు ఇటు రావు,” అని గౌరీశంకర్ గొంతు తగ్గించి హెచ్చరించాడు. అడవి పందులు తిరిగే దారులు అతనికి బాగా తెలుసు. పట్నం నుంచి వేటకు వచ్చేవాళ్లను రాత్రిపూట తోటల్లోకి తీసుకెళ్లేది అతనే. ఈ వేటకు అనుమతులేమీ లేవు. అందుకే రామూర్తి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

భార్య నాగమణికి కూడా చెప్పలేదు. తుపాకి మాట వింటేనే హడలిపోయే మనిషి. టెక్కలిలో పెళ్లికి వెళ్తున్నానన్నాడు. “రేతిరి బండి మీద రాకు. అక్కడే తొంగుని పొద్దుటే రా,” అంటూ ఆమె ఇస్త్రీ చొక్కా తీసి చేతికిచ్చింది.

ముగ్గురూ మోటారు గది శ్లాబు మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఎదురుగా చీకట్లో రామూర్తి తోట. తుపాను పాత చెట్లన్నిటినీ పడగొట్టాక కొత్తగా పాతిన కొబ్బరి మొక్కలు అవి. ఒక్కో గొయ్యి తవ్వుతున్నప్పుడు పక్కన ప్రేమ్‌కుమార్ ఉన్నాడు. కంచిలి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు, పక్క తోట ఆసామి. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే క్యారేజీలో తిన్నారు.

ఆ ప్రేమ్‌కుమారే ఈ వేసవి మొదట్లో, “నీకు కట్టంగా ఉంటే తోట నాకిచ్చీ రామూర్తీ. మంచి ధరే ఇత్తాను,” అన్నాడు.

రామూర్తి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత కొద్ది రోజులకే పందులు దిగాయి. లోపలి లేత మొవ్వు కోసం మొక్కలను వేళ్లతో సహా పెకలించేశాయి. తోట చుట్టూ చేపల వేటవల కంచెలా కట్టినా ఆగలేదు. ఒక ఉదయం వల దగ్గర కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసింది. పంది అయితే వలను చింపుతుంది. ఇక్కడ ముడులు విప్పి ఉన్నాయి. లోపల పందులకు ఎరగా పనస తొనలు చల్లి ఉన్నాయి.

ఆ రోజే రామూర్తి కంచిలిలో టీ కొట్టు దగ్గర ప్రేమ్‌కుమార్ చొక్కా పట్టుకున్నాడు.

“నా మొక్కల్ని నీ సేత్తో పాతి, నీ సేత్తోనే పీకిత్తన్నావేట్రా?”

“నానేటీ సేయలేదు రామూర్తీ.”

“మరెవుడికి గావాల నా తోట?”

ప్రేమ్‌కుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తాగని టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇంటికొచ్చి చెబితే నాగమణి ముఖం పాలిపోయింది. “తప్పు సేశావు. ఆయన అలాటోడు కాదు.”

“నీకు లోకం తెలీదు. అందరూ నీలాగే ఉంటారనుకుంటావు,” అన్నాడు రామూర్తి. ఆమె మందు బిళ్లా, కాచి చల్లార్చిన నీళ్లూ తెచ్చి ఇచ్చింది.

సంక్రాంతి వెళ్లాక పలాసలో రక్తపరీక్ష చేయించినప్పుడు, రామూర్తి కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని డాక్టరు చెప్పాడు. అప్పుడు నాగమణి కాళ్లమీద పడినంత పని చేసింది. “మా నాన్న ఈ నీల్లు తాగే ఇలాగ పోనాడు. ఈ నీల్లొద్దు, ఈ ఊరొద్దు. అంతా అమ్మీసి ఇశాపట్నం పోదుం.” “నా పేణం పోయినా తోట అమ్మను,” అని అతను అరిచాడు. మళ్లీ ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తనను అర్థం చేసుకున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతేనని రామూర్తి నమ్మకం.

“ఒత్తన్నాయి,” అన్నాడు గౌరీశంకర్.

వేటగాడు తుపాకి మీది అద్దంలో కన్ను పెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. అంతలోనే వెనక్కి వచ్చింది.

“అక్కడ ఎవరో ఉన్నారు.”

రామూర్తి అతణ్ని పక్కకు నెట్టినంత పని చేసి అద్దంలోంచి చూశాడు. ఒంటి వేడిని చూపించే అద్దం అది. కంచె అవతల పందులు తెల్లటి మచ్చల్లా కదులుతున్నాయి. ఇవతల నిలువెత్తు తెల్లటి ఆకారం ఒకటి వంగి, ఒక్కో ముడీ విప్పుతోంది. ముఖం తెలియడం లేదు. కానీ రామూర్తికి ముఖంతో పని లేదు.

“ఆడే. కాలికి కొట్టండి సారూ. సప్పుడు రాదన్నారు కదా!”

“మతి పోయిందా? నేను పందుల కోసం వచ్చాను,” అంటూ వేటగాడు తుపాకి లాక్కుని తూటాలు తీసేశాడు.

“బావా, ఒద్దు, ఆగు,” అని గౌరీశంకర్ చెయ్యి పట్టుకోబోయాడు. రామూర్తి విదిలించుకుని శ్లాబు మీంచి దూకాడు. మోటారు గది పక్కన దొరికిన దుడ్డుకర్ర అందుకున్నాడు.

ఇసుకలో అడుగుల చప్పుడు లేదు. నడుస్తున్నంత సేపూ క్యారేజీలో కలిపి తిన్న అన్నమే గుర్తొచ్చింది. ఇంతకాలం పక్కన నిలబడిన మనిషి, తన మొక్కలు ఎంత లేతవో తెలిసిన మనిషి, ఇంత పని ఎలా చేయగలిగాడు?

అతను దగ్గరికి రాగానే పందులు పారిపోయాయి. ఆ ఆకారం మాత్రం కదలలేదు.

“తిరుగు ఇటు! నీ మొకం సూడాల నాను!” అని అరిచి, కర్ర ఎత్తి, రెండో చేత్తో ఫోను లైటు వేశాడు.

వెలుగులో, విప్పిన వల పట్టుకుని నాగమణి నిలబడి ఉంది.