నలభై నిమిషాల సముద్రం

హెలికాప్టర్ ఆ రోజు కూడా సజావుగా దిగింది. మార్కండేయకు అది నచ్చలేదు.

"అమ్మాయ్, నీ సముద్రం అబద్ధం చెబుతోంది" అన్నాడు విశాఖపట్నం నుంచి, హెడ్‌ఫోన్‌లో.

సూరత్‌లో, అమ్రోలిలోని రెండు గదుల ఇంట్లో, సుమన తల పట్టుకుంది. ఆమె పనిచేసే బెంగళూరు కంపెనీ, ఓడల మీద హెలికాప్టర్లు దించే పైలట్ల శిక్షణకు సిమ్యులేటర్ తయారుచేస్తోంది. తెర మీద ఓడ కదులుతుంది. దాని వెనక భాగంలో చిన్న డెక్. అలలకు ఊగే ఆ డెక్ మీద దిగాలి. దాన్ని ఊగించే ప్రోగ్రాం సుమనది. దిగి చూసి తప్పులు చెప్పడం మార్కండేయ పని. ఇరవై రెండేళ్లు హెలికాప్టర్లు నడిపి రిటైరైన మనిషి ఆయన. కరోనా వల్ల ఇద్దరూ ఇళ్ల నుంచే పనిచేస్తున్నారు. ఎప్పుడూ ఎదురుపడింది లేదు.

"ఏం అబద్ధం సార్?"

"నీ డెక్ ఏడుసార్లు ఊగి ఒకసారి నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదిలోనే ఎవడైనా దిగాలి. రెండుసార్లు చూస్తే చాలు, లెక్క తెలిసిపోతుంది. నా పక్క సీట్లో కూర్చునే సోమలింగం కూడా నిజం సముద్రం మీద అలాగే లెక్కపెట్టాడు. 'ఇప్పుడు తగ్గుతుంది, దించు' అన్నాడు. తగ్గలేదు. నేనొక్కణ్ణే ఈదుకుంటూ బయటపడ్డాను."

మార్కండేయ సిమ్యులేటర్ ఆపేసిన చప్పుడు వినిపించింది.

"ఆగస్టులో పన్నెండు మంది నీ డెక్ మీద నేర్చుకుంటారమ్మా. వాళ్లకి లెక్క నేర్పకు."

అది 2021 జూన్. సుమన తండ్రి బక్కయ్య ఏప్రిల్‌లో కరోనాతో పోయాడు. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. ముప్పై ఏళ్ల కింద జగిత్యాల దిక్కు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన మనిషి, ఈ గదిలోనే, ఈ కిటికీ కిందే కన్నుమూశాడు. పన్నెండో రోజు సుమన లాప్‌టాప్ తెరిచి పనిలో కూర్చుంది. ఏడవలేదు. తల్లి రాజమ్మ మాటలు తగ్గించేసింది.

మూడు వారాలు సుమన రకరకాల అలలు కలిపి చూసింది. పెద్దవి, చిన్నవి, అడ్డంగా వచ్చేవి. ఎన్ని కలిపినా మార్కండేయ వాటి లెక్క పట్టేశాడు.

ఒక శుక్రవారం పొద్దున ఆమె డెక్‌ను ఊగించే కొత్త ఫైలు పంపింది. పదింటికి మార్కండేయ డెక్ అంచుకు గుద్దుకున్నాడు. పదింబావుకు నీళ్లలో పడ్డాడు. మూడోసారి దిగకుండానే వెనక్కి తిరిగాడు.

"ఎక్కడిదమ్మా ఇది?" అన్నాడు.

"బాగా లేదా సార్?"

"లేస్తుంది, పడుతుంది. మధ్యలో ఆగిపోతుంది. ఇక లేవదేమో అనుకునేసరికి ఒక్కసారిగా ఎగుస్తుంది. నాకు చెమటలు పట్టేశాయి. సోమలింగం పోయిన రోజు సముద్రం ఇలాగే ఉంది."

మధ్యాహ్నాలు సుమన ఆ ఫైలును తెర మీద నడిపించి చూసుకునేది. ఒకరోజు రాజమ్మ బియ్యం చాట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా గిది?"

"ఓడ అమ్మా. దీని మీద హెలికాప్టర్లు దిగుతయ్."

"గట్లెందుకు ఊగుతుంది?"

"కింద సముద్రముంది గదా."

రాజమ్మ వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. "దీన్ని నేనెక్కడనో చూసిన."

"డుమస్ బీచ్‌ల చూసుంటవ్. నాయినతోని పోయినం గదా."

"డుమస్‌ల కాదు."

సుమన ఆపబోయింది. రాజమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. జర సేపు ఉండనీ."

ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేది. రెప్ప వేయకుండా చూసేది. చివరి నిమిషాలు దగ్గరపడుతున్నాయనగా మాత్రం, ఎవరో పిలిచినట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒక్కసారి కూడా చివరిదాకా కూర్చోలేదు.

జూలై మొదటివారంలో మార్కండేయ నలభై నిమిషాల ఫైలును పూర్తిగా ఎగిరి చూశాడు. రెండుసార్లు నిఖార్సుగా దిగాడు.

"ఈ డెక్ మీద దిగినవాడు ఏ డెక్ మీదైనా దిగుతాడు. ఆ పన్నెండు మందీ బతుకుతారు" అన్నాడు. "కానీ చివరి నాలుగు నిమిషాలు తీసెయ్యి సుమనా. ఊపు చిన్నదై, చిన్నదై, డెక్ కదలకుండా నిలిచిపోయింది. ఏ సముద్రమూ అలా ఆగదు."

"తీసేస్త సార్. అది నా దగ్గర ఉంచుకుంట."

"ఇంతకీ ఏ సముద్రం ఇది? రిపోర్టులో రాయాలి."

"ఇక్కడిదే సార్. సూరత్‌ది."

"దేంతో కొలిచావు?"

"నా ఫోన్‌తోనే. కదలికను పట్టే సెన్సర్ ఉంటది గదా, ప్రతి ఊపునూ రాసుకుంటది. అసలు పది నిమిషాలే సార్. నాలుగింతలు సాగదీసి, ఊపు పెద్దది చేసిన."

"భలేదానివే. పడవలో పెట్టావా ఫోను?"

సుమన కిటికీ వైపు చూసింది. వెనక గల్లీలో మరమగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయి.

"సార్, అమ్మ పిలుస్తున్నది" అని హెడ్‌ఫోన్ తీసేసింది.

నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూసి చెప్పమని డాక్టరు అంటే, ఆ పది నిమిషాలూ ఆమె ఫోను పెట్టింది తండ్రి ఛాతీ మీద.