'నువ్వు' కింద ఎర్రగీత

వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి, శనివారం యూనివర్సిటీలో దేశ చరిత్ర, సంస్కృతి చదువుకుంటున్నాను.

"మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడని కూర్చోబెట్టి, ఆవిడ చూసిన కాలం గురించి అడిగి రాసుకురండి" అన్నారు మేడమ్. పన్నెండు పేజీలు రాసిచ్చాను.

ఇవాళ తిరిగిచ్చారు. ప్రశ్నల్లో ఉన్న ప్రతి 'నువ్వు' కిందా ఎర్రగీత.

"ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు గురించి ఆవిడ చెప్పింది రెండుసార్లు చదివాను. కానీ అంత పెద్దావిడని నువ్వు అంటారేంటండీ?"

"చనువండీ."

"ఎంత చనువున్నా రాతలో మర్యాద ఉండాలి కదా. దిద్ది ఇవ్వండి. ఆవిడని కూడా ఒకసారి క్లాసుకి తీసుకురండి."

"అలాగేనండీ. శనివారాలు ఆవిడ ఖాళీయే."

గదికొచ్చి తాళం తీసి, దీపం వేసుకుని దిద్దడానికి కూర్చున్నాను. మీరెప్పుడు పుట్టారు? మీరు పనిలో ఎప్పుడు చేరారు? ఆ రోజు మీరు ఏడ్చారా? అన్నీ మర్యాదగా మారిపోయాయి.

చివరి ప్రశ్న మిగిలింది. "నువ్వు తిన్నావా?"

మా ఇంట్లో పెద్దదాన్నీ నేనే, చిన్నదాన్నీ నేనే. ఆ ఒక్కటీ 'మీరు' చెయ్యబుద్ధి కాలేదు.