భాగీరథి నోటుబుక్కు

పొద్దున్నుంచీ బీరమ్మ నోరు చేదుగానే ఉంది. ఆకూ వక్కా నమిలినా పోలేదు.

కనకమామిడి ఊరి బడి ముందు జనం మూగారు. చేవెళ్ల నుంచి వచ్చే బస్సులో పౌలు సారును ఎక్కించి పంపెయ్యాలని సావుకారు వీరేశం పట్టు. సారుది ఒంగోలు. ఊరూరా తెలంగాణ ఉద్యమం. కొలువులు మన పిల్లలకే రావాలన్న మాట బీరమ్మకూ నచ్చిందే. కానీ ఈ సారు ఊరి చివరి గుడిసెల్లోకి వచ్చి మరీ పిల్లల్ని బడికి పిలుచుకుపోయిన మనిషి.

మూడో తరగతికి ఆయన హోంవర్కు ఇచ్చాడు. మీ వాడలో ఏ ఇంటివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో పెద్దల్ని అడిగి రాసుకురండి అని. ఎంతమంది కలిస్తే ఊరైందో పిల్లలకు తెలియాలని ఆయన ఆశ. సారు పరాయివాడని అందరి ముందూ చదివించడానికి వీరేశం దాన్నే పట్టుకున్నాడు. రాసింది అతని కూతురు భాగీరథి. చెప్పింది బీరమ్మ. నలభై ఏళ్లుగా ఆ ఊరి పురుళ్లన్నీ ఆమె చేతుల మీదే.

సారు నేర్పిన అక్షరాలతో సారునే తరుముతారా? వీరేశం తల్లి సుగుణమ్మ పోయేదాకా బీరమ్మకు ఏటా చీర పెట్టింది. ఆ చీరల మొహం చూసే బీరమ్మ ఆ ఇంటి మాట ఒకటి ఇన్నేళ్లూ బయటపెట్టకుండా ఊరుకుంది.

భాగీరథి గట్టిగా చదివింది. అంజయ్య తాతవాళ్లు బీదరు నుంచి. హన్మయ్యవాళ్లు కొండకల్ నుంచి. మా సారు ఒంగోలు నుంచి.

"ఇన్నరా," అన్నాడు వీరేశం. "పరాయోడు పరాయోడే. నడువు సారూ."

సారు ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు. నిన్నటిదాకా ఆయనతో ఉత్తరాలు రాయించుకున్నవాళ్లు తలలు దించుకున్నారు. బీరమ్మ తుపుక్కున ఉమ్మింది.

"జర నా ముఖం జూసి ఆయన్ని ఉండనియ్యి కొడుకా."

"నీ ముఖం జూస్తె తెలంగాణ వస్తదా అవ్వా?"

జనం నవ్వారు.

"ఇంకొక్కటి మిగిలింది నాయనా," అంది భాగీరథి. "మనిల్లు. నువ్వడిగితేనే చెప్తనన్నది అవ్వ."

"అడిగేదేమున్నది? నాకు పురుడు వోసిందే అవ్వ. చెప్పవ్వా, పదిమంది ఇననీ."

బీరమ్మ సారు పెట్టె వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు.

"అయితే రాసుకో బిడ్డా, మీ తాత భద్రయ్య సావుకారు మిర్చి బస్తాలతోని గుంటూరు నుంచి తెచ్చి, సుగుణమ్మ కన్నదని ఊరికి చెప్పుమని నా ఒళ్ల ఏసిన పసిగుడ్డే మీ నాయన."