షరతుల్లేని లైసెన్సు

"అమ్మా, ఆ లైసెన్సు పెట్టొద్దు."

గదిలో కీబోర్డులన్నీ ఒక్కసారి ఆగాయి. గుమ్మంలో ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన. ఎవరూ పిలవలేదు.

చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. తమ్ముడి కోసం అక్క మొదలుపెట్టింది. గదిలో అందరికీ ఆమె అక్కే. ఇప్పుడు నలుగురూ కలిసి రాస్తున్నారు. మధ్యాహ్నానికల్లా లోకానికి ఉచితంగా వదిలేస్తారు. ఏ షరతు మీద వదులుతున్నారో చెప్పేదే లైసెన్సు.

"ఎందుకు పెట్టకూడదో?" అంది అక్క.

"ఎవడైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తాళం వేసి అమ్ముకోవచ్చు. మీరు ముందే ప్రకటించింది అదే కదా?"

"తీసుకోనీండి. మా కోడు మా దగ్గరే ఉంటుందిగా. గాలికి కూడా గేటు పెట్టమంటారా?"

నలుగురూ ఘొల్లుమన్నారు.

"గేటు కాదమ్మా. మార్చి పంచేవాడు ఆ మార్పుని కూడా అందరికీ తెరిచి ఇవ్వాలి. ఆ ఒక్క షరతు పెట్టండి. ఎందుకు పెట్టారో మామూలు మాటల్లో నాలుగు ముక్కలు రాయండి."

"ఇంతకీ మీరు కోడు రాస్తారా?"

"రాయను."

"చూపు లేనివాళ్లు మీ ఇంట్లో ఉన్నారా?"

"లేరు."

"మరి మీకెందుకండీ ఈ కడుపునొప్పి? ఏ కంపెనీ పంపింది?"

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు.

అక్కకు అది చాలు.

"దొరికాడు దొంగ! దయచేయండి."

భుజం పట్టి మెట్ల దాకా నడిపించి, ధడాలున తలుపేసింది. తను అనుకున్న లైసెన్సే పెట్టింది.

ఏడాది తిరక్కుండానే తమ్ముడు అడిగాడు.

"అక్కా, మన దానికి ఎవరో అచ్చం మనిషి గొంతు పెట్టారటగా! నెలనెలా కడితేనే పలుకుతుందట. నిజమేనా?"

అక్క సరాసరి ఆ గొంతు అమ్ముతున్న కంపెనీ మేనేజరు గదిలోకి దూసుకెళ్లింది.

"మా కోడుకే తాళం వేస్తారా?"

"మీ కోడు మీ దగ్గరే ఉంది మేడం. మా మార్పులకు మేం వేసుకున్నాం. మీ లైసెన్సే ఒప్పుకుంది."

"అయితే వినండి. ఇక మేం రాసే ప్రతి లైనుకీ షరతుంటుంది. మార్చి అమ్మితే, తెరిచి ఇవ్వాల్సిందే. ఎందుకో మీక్కూడా అర్థమయ్యేలా రాసిపెడతా. అప్పుడు తీసుకోండి చూద్దాం!"

మేనేజరు మొహం మాడింది.

"అది మొదట్లోనే పెట్టుంటే మేం ముట్టుకునేవాళ్లమే కాదు. అప్పటి మా లాయరు ఆ రోజు మీ గదికొచ్చి ఆ ముక్కే చెప్పాడటగా. నా ముందే ఒప్పుకున్నాడు. పొద్దున మీరు గెంటేశారు, సాయంత్రం మేం ఉద్యోగంలోంచి గెంటేశాం."